బస్సు వెళ్లే కొండలు

ఆంటీ పోయారని జనవరిలో ఒక మంగళవారం పొద్దున మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. కరోనాతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారట. ఉన్నారన్న సంగతి ఆ తొమ్మిది రోజుల్లో గ్రూపులో ఎవరూ రాయలేదు, ఎవరికీ తెలియదు. పదకొండయ్యేసరికి ఫోన్ నిండా చేతులు జోడించిన బొమ్మలే. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషికి సగం మంది ఓం శాంతి అని పెట్టారు. ఎంత మంచి మనిషో అని ఒకరు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారని ఒకరు. నేనూ అదే చేతుల బొమ్మ పెట్టి, ఫోన్ బోర్లించి, గిన్నెలు తోముకున్నాను.

ఆమె తెలియని పాఠకుల కోసం కాస్త చెప్పాలి. ఐర్లండ్‌లోని నేస్ ఊళ్లో మా హౌసింగ్ ఎస్టేట్‌లోనే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. బాపట్ల దగ్గరి మనిషి. ఇక్కడి వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పదహారేళ్లు నర్సుగా చేశారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. స్లైగోలో చెల్లెలి కూతురు ఉంది, ఆమే దిక్కు. అరవై దాటినా ఆంటీ చేతిలో సంచీ మనం అందుకోబోతే ఇచ్చేవారు కాదు.

ఆమెకు కారు నడపడం రాదు, నేర్చుకోవాలన్న ఆశా లేదు. కానీ కొండలంటే పిచ్చి. మా కిటికీల్లోంచి విక్లో కొండలు కనిపిస్తూనే ఉంటాయి, వెళ్లడానికి మాత్రం బస్సు లేదు. “ఈ దేశంలో కొండలన్నీ కార్లున్నోళ్లవే అమ్మా” అనేవారు. ఇటలీలో అలా కాదని ఎవరో తోటి నర్సు చెప్పిందట. అక్కడ కొండ మీద పది గడపలున్నా బడిపిల్లల కోసం, సంతకెళ్లే ముసలమ్మల కోసం బస్సు పైదాకా పోతుంది. ఆ బస్సే ఎక్కి, ఆఖరి స్టాపులో దిగి, అక్కడి నుంచి బాట పట్టడమే. ఏడాదికోసారి నాలుగు రోజులు అలా వెళ్లొచ్చేవారు.

ఉగాది భోజనాల దగ్గర ఈ మాట తెలిసినప్పుడు మావాళ్లు ఆటపట్టించారు. పోప్‌గారిని చూశారా ఆంటీ, ఒరిగిన టవర్ దగ్గర ఫోటో దిగారా అని. ఆమె రోమ్ ముఖమే చూడలేదు. “ఆ టవర్ ఒరిగితే నన్నేం చేయమంటారు, నేను పోయి నిలబెట్టొస్తానా?” అన్నారు పులిహోర వడ్డిస్తూ. నాకు ఆ జవాబు నచ్చింది. మర్నాడు వాళ్లింటికి వెళ్లి, ఈసారి నేనూ వస్తానని చెప్పాను.

అప్పటి నుంచి నాలుగుసార్లు వెళ్లాను. ఈ సంగతి ఈ రోజు వరకూ నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. పిల్లల్ని వదిలి కొండలెక్కడానికి వెళ్లిందంటే ఇండియాలో మా అత్తగారు ఏమంటారో నాకు తెలుసు. అందుకని ప్రతిసారీ ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పాను. చిన్న అబద్ధమే అనుకున్నాను. ఆంటీ కూడా నవ్వి ఊరుకున్నారు. ఫోటోలు ఆమె ఒక్కరివే గ్రూపులో పెట్టేవారు. నా ఫోటోలు ఆమె ఫోన్‌లోనే ఉండిపోయేవి.

ఆమె పద్ధతి ఒకటుండేది. దిగగానే కొండ వైపు చూడరు, స్టాపులో అంటించిన టైముల కాగితం చూస్తారు. “ముందు తిరుగు బస్సు చూడు, తర్వాత కొండ చూడు. కొండ యాడికీ పోదు, బస్సే పోయిద్ది.” తిరుగు టికెట్లు కూడా పొద్దున్నే సిగరెట్ల కొట్లో కొని పెట్టేసేవారు. అక్కడ బస్సు టికెట్లు అమ్మేది ఆ కొట్లే, మధ్యాహ్నం మూసేస్తారు. నిట్టనిలువు బాట మీద మేకలా ఎక్కే మనిషి, బస్సులో మాత్రం డ్రైవర్ వెనక సీట్లో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేవారు. మలుపు రాబోతుంటే డ్రైవర్ హారన్ కొట్టేవాడు, ఆమె నా చెయ్యి పట్టుకునేవారు. గోళ్ల గుర్తులు పడేవి.

రెండోసారి వెళ్లినప్పుడు టైముల కాగితం నా చేతికిచ్చారు, చదువుకున్నదాన్నని. అందులో కొన్ని బస్సుల పక్కన అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు, కొన్నిటి పక్కన సిలువ. సుత్తులంటే రోడ్డు పనులని తీర్మానించి ఆ బస్సులన్నీ కొట్టేశాను. సిలువ ఉన్న అయిదింటి బస్సు ఖాయమన్నాను. ఊరి చివర గోడ మీద కూర్చున్నాం. సుత్తుల బస్సొకటి మా ముందే ఆగి, తలుపు తెరిచి, మమ్మల్ని చూసి, వెళ్లిపోయింది. అయిదున్నరకు ఒక ముసలాయన వచ్చి చేతులతో వివరించాడు. సుత్తులంటే పనిరోజులు, సిలువంటే ఆదివారం. ఆ రోజు గురువారం. చెస్ట్‌నట్ చెట్ల మధ్య నుంచి మేం బస చేసిన సరస్సు ఒడ్డు దాకా ఏడు కిలోమీటర్లు నడిచి దిగాం. కింద దీపాలు కనిపించాక ఆంటీ, “ఎమ్మెస్సీ అన్నావని ఇచ్చాను అమ్మా. సిలువ సంగతి నన్నడిగితే చెప్పేదాన్నిగా” అన్నారు. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని నవ్వాం.

ఎందుకు ఇంత దూరం వచ్చి నడుస్తారని ఒకసారి అడిగాను. “డ్యూటీలో రోజుకు పన్నెండు గంటలు నడుస్తా. ఆ నడక ఎవరెవరిదో. ఇది నాది.” అచ్చంగా ఈ మాటలే అన్నారో, నాకు నచ్చినట్టు నేను దిద్దుకున్నానో ఇప్పుడు చెప్పలేను. నా జ్ఞాపకాన్ని నేను పూర్తిగా నమ్మను. ఆ తర్వాత జరిగింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

కిందటేడు ఫిబ్రవరిలో, పిల్లల మిడ్‌టర్మ్ సెలవుల్లో వెళ్లాం. అదే సరస్సు, అవే బస్సులు. మేం తిరిగొచ్చిన మూడో రోజున ఇటలీ కరోనాతో టీవీలోకి ఎక్కింది. ఆ మర్నాడు గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఇటలీ నుంచి వచ్చినవాళ్లు పిల్లలున్న ఇళ్ల గురించి ఆలోచించాలని. పేరు లేదు. దాని కింద ఎవరో ఆంటీ సరస్సు ఒడ్డున దిగిన ఫోటో పెట్టారు. దాని కింద వరసగా బొటనవేళ్లు. అందులో ఒకటి నాది. ఆ ఫోటో తీసింది కూడా నేనే.

ఆంటీ పద్నాలుగు రోజులు గది దాటలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. నేను మాత్రం ఆఫీసుకు వెళ్లాను, స్కూలు గేటు దగ్గర నిలబడి కబుర్లు చెప్పాను. మార్చి మొదట్లో గ్రూపువాళ్లు మహిళా దినోత్సవం లంచ్ పెట్టుకున్నారు. దగ్గరి ఇల్లు కాబట్టి ఆంటీని రావద్దని చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఒప్పుకున్నాను. ఫోన్ చేసి, ఈసారికి ఆగితే మంచిదని అందరూ అంటున్నారు ఆంటీ అన్నాను.

“నువ్వెళ్తున్నావా?” అన్నారు.

పిల్లలు డాన్సు చేస్తున్నారని ఏదో నసిగాను.

“సరేలే, ఎళ్లు. నువ్వు కూడా వచ్చావని ఎవరికీ చెప్పమాక. నేనూ చెప్పను. పిల్లలుగలదానివి, వాళ్లతో ఎవరూ ఆడుకోరు మళ్లీ.”

నేను లంచ్‌కి వెళ్లాను. మజ్జిగపులుసు బాగుందని రెండోసారి పోయించుకున్నాను. ఇటలీ ఆంటీ రాలేదు కదా అని ఒకావిడ నన్నడిగింది, రాలేదన్నాను. అమ్మయ్య అంది. ఆ వారంలోనే స్కూళ్లు మూసేశారు.

భయం తప్పు కాదేమో అని ఇప్పటికీ నాలో నేను వాదించుకుంటాను. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. తలుపు హ్యాండిళ్లు తుడుచుకునే రోజులు. కానీ ఆ వాదన నిలవాలంటే నేనూ ఇంట్లో ఉండి ఉండాలి. ఒకే సీట్లో కూర్చుని, ఒకే డబ్బాలో చపాతీ తిన్నాం. రోగం వస్తే ఇద్దరికీ రావాలి, నింద మాత్రం ఒక్కరికే వచ్చింది. ఆ ఒక్కరూ నోరు తెరిచి నా పేరు చెబితే సగం నింద తగ్గేది. ఆమె చెప్పలేదు.

లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటొద్దన్న రోజుల్లో ఆంటీ డ్యూటీ అయ్యాక కాలువ గట్టున నడిచేవారు. ఒకసారి అవతలి గట్టు నుంచి చూశాను. ముఖం మీద మాస్కు గాట్లు ఎర్రగా తేలి ఉన్నాయి. చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. పక్కనే వంతెన ఉంది. ఎవరైనా చూస్తారేమోనని కాదు, ఏం మాట్లాడాలో తెలియక వంతెన దాటలేదు. లేదా చూస్తారనేనేమో.

వేసవిలో ఆంక్షలు సడలించారు. గ్రూపువాళ్లు పార్కులో కలుసుకున్నారు, ఆమెను పిలవడం ఎవరికీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. క్రిస్మస్ ముందు ఆంటీ నాకొక ఫోటో పంపారు. వచ్చే సెప్టెంబరు బస్సు టైములు, తిరుగు బస్సు చుట్టూ వేలితో గీసిన ఎర్ర సున్నా. కింద, టైము మారింది చూడు అని రాశారు. దండం బొమ్మ ఒకటి పెట్టాను, అంతే. ఆ తర్వాత పదిరోజులకు నర్సింగ్ హోమ్‌లో కరోనా వచ్చింది, ఆమెకూ వచ్చింది. ఇటలీ నుంచి మోసుకొచ్చిందని మేం అన్న రోగం మా ఊళ్లోనే, ఒకరి పక్క దుప్పటి మారుస్తుంటే అంటుకుంది.

పోయిన మర్నాడు స్లైగో నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అంతిమ ప్రార్థనకు చర్చిలోకి పదిమందిని రానిస్తారట. “ఏడుగురమే ఉన్నాం అక్కా. పెద్దమ్మ మీ గురించి చెప్తుండేది. మీరొస్తారా?”

వెళ్లొచ్చు. అంత్యక్రియలకు వెళ్లేవాళ్లను గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపరు. కానీ పదిమందిలో నేనెందుకున్నానని గ్రూపులో అడుగుతారు. చర్చి లైవ్ వీడియోలో అందరూ చూస్తారు. అంత దగ్గరా మీరు, ఎప్పటి నుంచి, అంటారు. చిన్నదానికి దగ్గుగా ఉందమ్మా, రాలేను అన్నాను.

మా చిన్నది పక్కనే బొమ్మలు గీసుకుంటోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. “బట్ ఐ డోంట్ హావ్ ఎ కాఫ్, అమ్మా” అంది తలెత్తి.

ఫోన్‌లో ఆ అమ్మాయి విన్నదో లేదో. “ఇంకొకటి అక్కా. పెద్దమ్మ ఇటలీకి ఎప్పుడూ ఒంటరిగానే వెళ్లేది. ఆ కొండల్లో ఒక్కతే ఎట్టా తిరిగిందో అని ఇప్పుడు బాధగా ఉంది. మీకేమన్నా చెప్పిందా?” అంది.

సొంత మనిషికి కూడా చెప్పలేదన్నమాట. నేను, లేదమ్మా అన్నాను.

ఈ పత్రిక చదివేవాళ్లలో ఆ గ్రూపువాళ్లు ఉన్నారు. స్లైగోలో ఆ అమ్మాయి కూడా చదువుతుందని ఆశ. అందుకే రాస్తున్నాను. మీ పెద్దమ్మ ఒంటరిగా వెళ్లలేదు తల్లీ. చివరి నాలుగుసార్లూ పక్కన నేనున్నాను. ఆఖరుసారి కూడా. ఇప్పుడు చెబితే ఆమెకేం లాభం అనొచ్చు. ఇది కూడా నా భారం దింపుకోవడానికే కావచ్చు.

ప్రార్థన రోజు తలుపేసుకుని ల్యాప్‌టాప్‌లో చూశాను. పైన ఎక్కడో పెట్టిన కెమెరా, శబ్దం అంతంతమాత్రం. దూరదూరంగా వేసిన పది కుర్చీల్లో ఏడుగురు. ముప్పావుగంటలో అయిపోయింది. పెట్టె వెంట అందరూ బయటికి నడిచారు. కెమెరా కట్టేయడం ఎవరో మరిచిపోయారు. కాసేపటికి చేతికి తొడుగులు వేసుకున్న ఒక పెద్దాయన స్ప్రే సీసా, గుడ్డ పట్టుకుని వచ్చాడు. వరసగా ఒక్కొక్క కుర్చీ తుడిచాడు, వీపు, చేతులు, కాళ్లు. ఎవరూ కూర్చోని మూడింటినీ కూడా అంతే శ్రద్ధగా తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని తీసుకుపోయాడు.