గూడూరు కొడుకు

ఫోన్లో ఆటలాడితే చదువు పాడైపోతుందని పెద్దవాళ్లు బెంగపడే రోజులవి. నా చదువు అప్పటికే అయిపోయింది కాబట్టి, పాడుచేసుకోవడానికి నా దగ్గర కొత్త ఉద్యోగం ఒక్కటే ఉండేది. ఆ ఉద్యోగం భూపాలపల్లిలో. ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఇద్దరే: ఆఫీసులో ఫైళ్లు ఇచ్చే ఆయన, కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు అవ్వ. నేను మొదటి నుంచీ తక్కువ మాట్లాడే మనిషిని. సాయంత్రం గదికి వచ్చి పుస్తకం తెరిస్తే, మళ్లీ పొద్దున ఆఫీసులో సంతకం పెట్టేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

ఇది కనిపెట్టింది మా అక్క భర్త. జనగామలో ఆయనకు పైపులు, నల్లాలు అమ్మే దుకాణం. ఒకరోజు ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఒక్కనివే కూసొని ఏం జేస్తవ్? గీ తుపాకుల ఆటలకు రా. పొద్దు పోతది" అన్నాడు. మహబూబాబాద్ నుంచి నా బడి స్నేహితుడు కూడా కలిశాడు. వాడిని మేము సప్పుడు అనేవాళ్లం. వాడు నోరు తెరవగానే కుక్కర్ కూత, మేక అరుపు, వాళ్లమ్మ కేకలు అన్నీ కలిసి వచ్చేవి. ఆట నలుగురిది. నాలుగో మనిషిని యంత్రమే ఎక్కడి నుంచో తెచ్చి జోడించేది. (ఆయన మా మాటలు కాసేపు విని, చెప్పకుండా వెళ్లిపోయేవాడు.)

ఆట సులువుగానే ఉంటుంది. అందరూ ఒక దీవిలో దిగాలి, తుపాకులు వెతుక్కోవాలి, ఎదురైనవాణ్ణి కాల్చాలి, ఆఖరున మిగిలిన జట్టు గెలిచినట్టు. నాకు కాల్చడం రాలేదు. దాక్కోవడం మాత్రం బాగా వచ్చింది. ఖాళీ ఇల్లు కనిపిస్తే లోపలికి వెళ్లి తలుపు వెనక నిలబడేవాణ్ణి. "బామ్మర్దీ, నువ్వు ఆటకొచ్చినవా, ఇల్లు కిరాయికి సూస్కోనీకి వచ్చినవా?" అని బావ అరిచేవాడు. "ఆ ఇంట్ల నీళ్లొస్తయో లేదో గూడ సూడురా" అని సప్పుడు అందుకునేవాడు. నేనూ ఎదురు అరిచేవాణ్ణి. అవ్వ మెట్ల కింద నిలబడి, "ఎవలతోని కొట్లాట బిడ్డా, పోలీసోళ్లను పిలువమంటవా?" అని అడిగేది. రోజంతా ఎవరూ పిలవని మనిషికి, సాయంత్రం ఇద్దరు కలిసి తిట్టడం ఎంత సుఖంగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అయితే బావకు గెలుపు మీద ఆశ పుట్టింది. మేము ఒక్కసారీ గెలవలేదు. ఒక సాయంత్రం ఆట మొదలవక ముందే ఖరాఖండిగా చెప్పేశాడు. "గిదే ఆఖరు. ఇయ్యాల ఒక్కన్నన్న కొట్టు. లేకుంటె రేపటి సంది నీ జాగల మా పక్క దుకాణపాయినను తీస్కుంట. ఆయిన గురి పెడితె తప్పది." బావ నవ్వలేదు. మళ్లీ పుస్తకం, గోడ, నేను అనుకున్నాను.

ఆ రోజు బావ, సప్పుడు ఇద్దరూ చచ్చిపోయారు. దాక్కున్నాను కాబట్టి నేను మిగిలాను. అవతల కూడా ఒక్కడే మిగిలాడు. వాడు ఒక గోడ పక్కన కూర్చుని ఉన్నాడు, నేను సరిగ్గా వాడి వెనక ఉన్నాను. "కొట్టు! కొట్టురా!" అని ఇద్దరూ నా చెవిలో అరుస్తున్నారు. (ఆ ఆటలో దగ్గరగా ఉన్న శత్రువుతో మాట్లాడొచ్చు. చనిపోయినవాళ్ల మాట మాత్రం జట్టువాళ్లకే వినిపిస్తుంది, అవతలివాడికి వినిపించదు.) నేను గురి పెట్టాను. వాడు తిరిగి చూసి, "అన్నా, కొట్టకే! నా గోలీలు అయిపోయినయ్" అన్నాడు.

మన వైపు మాట. ఇక నా వేలు కదలలేదు. "మీదే ఊరు?" అన్నాను.

"గూడూరు."

"గూడూర్ల ఎవలింట్ల?"

"ఏందిరా నీ ముచ్చట, కొట్టు!" అని సప్పుడు మొత్తుకున్నాడు.

"బాయికాడోళ్లం అన్నా" అన్నాడు వాడు.

బావ గొంతు ఒక్కసారిగా మారింది. "ఆగాగు. కొట్టకు. మా మేనత్తను ఇచ్చింది ఆ ఇంటికే. వాళ్ల నాయినమ్మ పుట్టినూరు ఏదో అడుగు."

అడిగాను. చిల్పూర్ అన్నాడు. బావ మేనత్తే. వరుసలు కలపడం మొదలైంది. బావ నాకు చెప్పడం, నేను వాడికి అందించడం. వాడు బావకు అల్లుడయ్యాడు. బావకు అల్లుడైతే నాకు కొడుకు వరుస. కన్నకొడుకులాంటి వాణ్ణి ఎవరైనా కాలుస్తారా? "నేను నీకు చిన్నబాపునైతరా" అని తుపాకి దించాను. "అవునా చిన్నబాపూ! మంచిగున్నరా?" అన్నాడు వాడు. మంచిగానే ఉన్నామన్నాను. వానలు పడ్డాయా అని కూడా అడిగాను.

"పడ్డయ్. చిన్నబాపూ, ఏమనుకోకు" అని వాడు నాకు గురి పెట్టాడు.

"గోలీలు అయిపోయినయంటివి గదరా!"

"నువ్వు మాట్లాడుతాంటె ఈడ్నే దొరికినయ్" అని కాల్చాడు.

రేపటి నుంచి నా చోటు లేదని ఖాయం చేసుకున్నాను. బావ మాత్రం ఇంకో మాట అన్నాడు. "అత్త పానం ఎట్లున్నదో అడుగకపోతివి." ఆ తర్వాత పడీ పడీ నవ్వాడు.

మర్నాడు ఎప్పటి వేళకే బావ పిలిచాడు. నాలుగో చోటులో గూడూరు పిల్లగాడు ఉన్నాడు. "నువ్వు దాసుకో, ఆడు కొడ్తడు" అని బావ తేల్చేశాడు.

బావ పోయి రెండో ఏడు నడుస్తోంది. ఈమధ్య ఒక సాయంత్రం ఊరికే, ఒంటరిగా ఆటలోకి దిగాను. అరిచేవాళ్లు లేకపోవడంతో గురి కుదిరింది. గెలిచాను కూడా. లేచి అన్నం వండుకున్నాను. ఆగలేక సప్పుడికి ఫోన్ చేసి చెప్తే, "ఒక్కనివే గెలిస్తె ఏం మజారా? ఆగు, ఆ పిల్లగాన్ని గూడ పిలుస్త" అన్నాడు. ముగ్గురం దిగాం. నేను అలవాటు ప్రకారం ఒక తలుపు వెనక నిలబడ్డాను. ఇద్దరూ చూశారు, ఏమీ అనలేదు. బావ పోయిన దుఃఖానికి మర్యాద ఇస్తున్నారని అర్థమైంది. జర తిట్టుండ్రిరా అని నోటిదాకా వచ్చింది. కొడుకు వరుస పిల్లగాడి ముందు పెద్దరికం అడ్డొచ్చి, అడగలేకపోయాను.