చూడి గొర్రెకు పెట్టిన అన్నం

యలహంక దాటి దొడ్డబళ్ళాపురం రోడ్డులో కొంత దూరం పోతే, ఇళ్ళ సైట్లకు హద్దు రాళ్ళు పాతిన పొలాల నడుమ వెంకటగిరియప్ప గొర్రెల దొడ్డి ఉంటుంది. ముప్పై ఎనిమిది గొర్రెలు. నడక చూసి గొర్రెకు ఏ రోగమో చెప్పగలడని చుట్టుపక్కల ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

మందలో రెండు గొర్రెలు మాత్రం పిల్లమ్మవి. ఆమె పక్క వీధిలో ఒంటరిగా ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఇళ్ళు ఊడ్చి బతికి, మోకాళ్ళు పట్టేశాక ఆ పని మానుకుని రెండు గొర్రెలు కొనుక్కుంది. వాటి వెంట తిరగలేక ఆయనకు అప్పగించింది. "నీకంటే బాగా చూసేవాళ్ళు ఎవరుండారు గిరియప్పా" అంది.

ఆ ఏడు మార్చి నెలాఖరుకే పచ్చిక మాడిపోయింది. గొర్రెలు ఎండు పుల్లలు కొరుకుతూ, మట్టి నాకుతూ తిరిగేవి. టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు రంజిత చూడి గొర్రెల వెన్ను తడిమింది. చేతికి ఎముకలే తగిలాయి.

"బయట తిప్పితే చాలదప్పా ఇప్పుడు. దొడ్లో వేరుశనగ కట్టె, సుబాబుల్ ఆకు వేయండి. చూడివాటికి కొంచెం దాణా కూడా కావాల. పిడికెడుతో మొదలుపెట్టి, పది రోజుల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా గింజలు, అన్నం పెట్టొద్దు. కడుపులో పులిసి చచ్చిపోతాయి."

"నేను గొర్రెల నడుమ పుట్టినోణ్ణమ్మా," అన్నాడు వెంకటగిరియప్ప. నలుగురి ముందు ఒక చిన్నపిల్ల తనకు మేత పాఠం చెప్పడం ఆయనకు గుచ్చుకుంది.

తర్వాతి వారం దగ్గరలోని కల్యాణ మంటపంలో పెళ్ళి జరిగింది. రెండు పెద్ద గిన్నెల అన్నం మిగిలిపోతే, పారేయడం ఇష్టంలేక వంటాయన కబురు పెట్టాడు. వెంకటగిరియప్ప ఆటోలో తెచ్చి తొట్లలో కుమ్మరించాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగబడ్డాయి. అన్నిటికంటే ముందు పిల్లమ్మ చూడి గొర్రె. డాక్టరమ్మ మాట ఆయనకు గుర్తుకొచ్చింది. దాన్ని లాగడానికి చెయ్యి కూడా చాపాడు. ఒక్కపూటకు ఏమవుతుందిలే అనుకుని, ఆ చేత్తోనే దాని వీపు నిమిరి ఊరుకున్నాడు.

పొద్దున చూస్తే ఆరు గొర్రెలు నెమరు వేయడం లేదు. ఎడమ డొక్కలు ఉబ్బి, చెయ్యి పెడితే లోపల నీళ్ళు కదిలినట్టుంది. పుల్లటి కంపుతో పారుకుంటున్నాయి. జేబులో ఫోను ఉంది, అందులో డాక్టరమ్మ నంబరూ ఉంది. కానీ ఫోను చేస్తే ఏం పెట్టావని అడుగుతుంది. వాము, అల్లం కషాయం కాచి తానే తాగించాడు. మధ్యాహ్నానికి అయిదు తేరుకున్నాయి. పిల్లమ్మ గొర్రె పళ్ళు నూరుతూ, కడుపులో పిల్లతో సహా ప్రాణం విడిచింది.

పిల్లమ్మ కుంటుకుంటూ వచ్చి దాని పక్కన కూలబడింది.

"ఏమైంది గిరియప్పా?"

"ప్లాస్టిక్ తినింది అక్కా." ఎట్లా వచ్చిందో, ఆయన నోటికి ఆ మాటే వచ్చింది.

ఖాళీ సైట్ల నిండా కవర్లే. ఎవరూ అనుమానించలేదు. పిల్లమ్మ కళ్ళు తుడుచుకుని, తిరిగి ఆయన్నే ఓదార్చింది. "నువ్వేం చేస్తావప్పా, మేత లేక తినింది. నువ్వు మనసులో పెట్టుకోవద్దు."

మర్నాడు ఆయన మందను తోలుకుపోతుంటే, పిల్లమ్మ గోనెసంచి పట్టుకుని సైట్లలో కవర్లు ఏరుతోంది.

"మిగిలినవన్నా బతకాల గదప్పా," అంది నవ్వబోతూ.

ఆ మర్నాడూ అంతే. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి వంగడం, ఒక్కొక్క కవరు దులిపి సంచిలో వేయడం, మళ్ళీ నడుము పట్టుకుని లేవడం. వెంకటగిరియప్ప దారి మార్చి మందను తోలాడు. అటువైపు కూడా కవర్లు లేకుండా శుభ్రంగా ఉంది. ఇంట్లో కంచంలో సగం వదిలేసి లేచాడు. "ఒంట్లో బాగలేదా?" అని భార్య సరోజమ్మ అడిగితే, ఎండ అన్నాడు.

తొమ్మిదో రోజు పిల్లమ్మ కళ్ళు తిరిగి ఒక సైటు రాయి పక్కన కూర్చుండిపోయింది. ఆయన పరుగున పోయి నీళ్ళిచ్చాడు. గాజు పెంకు కోసుకుని ఆమె అరచేతికి గుడ్డ కట్టి ఉంది.

"ఆ మూల ఇంకా ఉండాయి," అంటూ లేవబోయింది.

"ఆపు అక్కా. అది ప్లాస్టిక్ తినలేదు. నేను అన్నం పెట్టినా. డాక్టరమ్మ వద్దని చెప్పింది. విని కూడా పెట్టినా."

పిల్లమ్మ చేతిలోని సంచి కింద పెట్టింది.

"ఆ పొద్దు డాక్టర్ని యాల పిల్చలేదు?"

"నా తప్పు బయటపడుతుందని."

ఆమె తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది. "ఇన్ని దినాలు ఎండలో తిరుగుతా ఉంటే చూస్తా ఉండావే," అని మాత్రం అంది. ఆ సాయంత్రమే వచ్చి తన రెండో గొర్రెను తాడు కట్టి తీసుకుపోయింది.

వెంకటగిరియప్ప ఆసుపత్రికి పోయి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆ పొద్దే పిలిచుంటే, సోడా ఉప్పు తాగించి బతికించి ఉండొచ్చేమో," అంది ఆమె. ఆ మాట ఆయన్ను రాత్రింబవళ్ళు తొలిచింది. తర్వాతి టీకాల రోజున కాపరులందరి ముందు లేచి, తాను చేసింది తానే చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. వెనక్కి తిరిగి ఎవరా అని చూడలేదు.

తన చూడి గొర్రెల్లో ఒకదాన్ని తోలుకుపోయి పిల్లమ్మ ముందు నిలబెడితే, ఆమె వద్దని, గుంజకు కట్టిన తన గొర్రెను చూపించింది.

"నీ గొర్రె నాకొద్దు. దీనికి మేత కావాల. అది తెచ్చియ్యి."

వేసవి అంతా రోజూ వేరుశనగ కట్టె, ఆకు మోపు కట్టి, డాక్టరమ్మ చెప్పిన కొలతలో దాణా తీసుకుని ఆమె గుమ్మం ముందు పెట్టాడు. ఆమె మాట్లాడకుండా లోపలికి తీసుకునేది. గొర్రె డొక్కలు నిండాయి, ఎముకలు కనపడకుండా పోయాయి.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, ఒకరోజు ఆమె మోపు ముట్టుకోలేదు.

"సైట్లలో గడ్డి వచ్చింది గదా. రేపట్నించి తేవొద్దు."

వెంకటగిరియప్ప మోపు ఎత్తుకుని వెనుదిరిగాడు. ఇక ఆ గుమ్మం ముందు నిలబడడానికి ఆయనకు ఏ పనీ మిగల్లేదు.