పడవ వెళ్లిపోయాక

బజారు మలుపులో బట్టలు కుట్టే ఆవిడను అందరూ ‘చూద్దాం అక్క’ అనేవారు. ఏది అడిగినా ఆవిడ నోట ముందు వచ్చే మాట అదే. భర్త పోయాక కుట్టుమిషనే లోకంగా బతికింది.

పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయనకీ భార్య లేదు. ఓ వానాకాలం మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడి, తడబడుతూనే అడిగేశాడు. “మనిద్దరం ఒక ఇంటివాళ్లమైతే ఎలా ఉంటుందంటారు?”

ఆవిడ దారం కొరుకుతూ, “చూద్దాం లెండి,” అంది.

“దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలే!” అని వాళ్లక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆవిడకు ఆయనంటే ఇష్టమే. నలుగురూ నవ్వుతారని భయం. ఏడాది తిరిగినా ఆయనకు ఏ సంగతీ చెప్పలేదు.

కొత్త ఖాతాదారులతో మాట్లాడటానికి సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేది. ఓ రోజు పంతులమ్మ ‘మిస్ ద బోట్’ అనే మాట చెప్పింది. “పడవ గురించి కాదు. వచ్చిన అవకాశం అందుకోకుండా ఆలస్యం చేసి పోగొట్టుకుంటే అలా అంటారు.”

“ఇంకో పడవ రాదాండీ?” అని అడిగింది చూద్దాం అక్క.

“రావచ్చు. పోయింది మాత్రం వెనక్కి రాదు.”

ఆ రాత్రి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే పక్క కొట్టుకు వెళ్లింది. గోడ మీద గడియారాలు లేవు. ఆయన అట్టపెట్టెలు కడుతున్నాడు.

“అప్పుడు మీరడిగారే... నాకు ఇష్టమేనండీ,” అంది, గుక్క తిప్పుకోకుండా.

ఆయన చేతిలో తాడు జారిపోయింది. “మా చెల్లెలు వాళ్ల ఊళ్లో సంబంధం కుదిర్చిందండీ. మొన్ననే మాటిచ్చేశాను. కాపురం కూడా అక్కడే.” వంగి తాడు అందుకుంటూ, “మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను,” అన్నాడు.

“తప్పు నాదే. చల్లగా ఉండండి,” అని వచ్చేసి, మిషను మీద తల వాల్చి ఏడ్చింది.

కబురు తెలిసి వాళ్లక్క పరుగున వచ్చింది. దెప్పుతుందనుకుంటే, పల్లెత్తు మాట అనలేదు. చెల్లెల్ని లోపల పడుకోబెట్టి, ఖాతాదారులు తిరిగిపోకుండా తానే మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించడమే రాని మనిషి!

మధ్యాహ్నం చెల్లెలు లేచి చూస్తే, లంగా అంచు పాము పాకినట్టుంది.

“ఇదేం కుట్టే అక్కా?”

“ఏదో, నాకొచ్చింది నేను కుట్టాను!”

చెల్లెలికి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని పక్కన కూర్చుని, ఆ కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.