జెండా దించాక

మా ఇంటికి ఎవరొచ్చినా, టీ కంటే ముందు మా అమ్మాయిని హాల్లోకి పిలిచేవాణ్ణి. ఒకసారి శ్లోకం, ఒకసారి కీర్తన. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో పిల్లలున్న తెలుగు ఇళ్ళన్నిటిలోనూ ఇదే తంతు. నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు.

ఆ ఆదివారం మా ఆఫీసు మిత్రుడు భార్యనీ, ఏదో పోటీలో కప్పు గెలిచిన కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మా అమ్మాయిది అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టుకి తెరచాపల కాలపు అమెరికన్ యుద్ధనౌక ఒకదాన్ని ఎంచుకుని, నెల రోజులుగా అదే లోకంగా ఉంది.

"ఏదీ, అంకుల్‌కి నీ షిప్ గురించి చెప్పు. తెలుగులో," అన్నాను.

చెప్పింది. పసిఫిక్‌లో బ్రిటిష్ వాళ్ళ తిమింగలాల వేట ఓడలను ఆ నౌక వరసగా పట్టుకుందట. నేను మీసం మెలేశాను. చివరికి రెండు శత్రునౌకలు వచ్చి దాన్ని అటకాయించాయట.

"మన షిప్ గన్స్ దగ్గరకే కొడతాయి అంకుల్. వాళ్ళవి దూరం వెళ్తాయి. సో వాళ్ళు దగ్గరికి రాలేదు. దూరంగా ఉండి కొట్టారు, కొట్టారు. డెక్ అంతా బ్లడ్."

"అయితే ఓడిపోయిందా?" అన్నాడు మిత్రుడు.

నాకు తల కొట్టేసినట్టయింది. సోఫాలోంచి లేవకుండానే, "మా మహాతల్లికి ఎప్పుడూ ఓడినవాళ్ళే దొరుకుతారు," అన్నాను. అందరూ నవ్వారు. అమ్మాయి తల దించుకుంది. అక్కడితో ఆగవలసింది. కానీ ఆ నవ్వు రుచి మరిగాను.

"వాళ్ళ అమ్మాయి కప్పు తెచ్చింది. నువ్వు శవాలు లెక్కపెట్టుకొచ్చావు."

మళ్ళీ నవ్వారు. "ఇంకా అవ్వలేదు నాన్నా," అంది నెమ్మదిగా.

"చాల్లే, లోపలికెళ్ళు."

ఆ తర్వాత అది ఎవరి ముందూ నోరు విప్పలేదు. నాతో కూడా ఓకే, నో, ఫైన్. అంతే. ఆ పూట తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. పోయిన నెల సెలవులకి కార్లో ఇంటికి తీసుకొస్తూ ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు ఇంకా ఏదో చెప్పాలనుకున్నావు కదమ్మా. ఏంటది?"

ఏ రోజని అడగలేదు. "కెప్టెన్ ఫ్లాగ్ దించేశాడు. అంటే స్టాప్, ఇంక మా వల్ల కాదు అని. కానీ వాళ్ళు ఆపలేదు. దించాక కూడా కొట్టారు, ఇంకొంతమంది చనిపోయారు. కెప్టెనే తర్వాత రాశాడు."

"ఎందుకు ఆపలేదు?" అన్నాను.

"ఐ డోంట్ నో," అంది రోడ్డు వైపే చూస్తూ. "నువ్వు చెప్పు నాన్నా."