మెడలో బిళ్ళ లేని పూట

మొన్న సైదాబాదులో మా వీధి మలుపు దగ్గర స్కూటరు తగిలి ఎవరిదో కుక్క కాలు విరిగింది. స్కూటరాయనా కుక్కాయనా గంటసేపు గొంతులు చించుకున్నాక, చట్టం తెలిసిన మనిషి ఉన్నాడని ఎవరో నా ఇల్లు చూపించారట, ఇద్దరూ కలిసి వచ్చారు. నలభై ఏళ్లు కోర్టు వరండాల్లో తిరిగిన మాట నిజమే గానీ, నాకు చట్టం తెలిసినంతగా చట్టానికి నేను తెలియదు. "తప్పెవరిదో మీరే చెప్పుండ్రి" అని కుక్కాయన, "ముందుగాల గా కుక్క ఎవరిదో అడుగుండ్రి" అని స్కూటరాయన. ఆ రెండో మాట వినగానే లేచి చాయ్ పెట్టాను. అది తాగించి, కుక్కను డాక్టరుకు చూపించమని పంపేశాను. వాళ్ళు వెళ్ళాక కప్పులు తీయడానికి కూడా లేవలేదు. మా మేనత్త గుర్తుకొచ్చి కూర్చుండిపోయాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న నిజాం రోజులవి. హుస్సేనీ ఆలంలో మాది పాల ఇల్లు. ముందు అర్రలు మనుషులకు, వెనక కొట్టం బర్రెలకు. వాసన మాత్రం అందరికీ ఉమ్మడి. పెళ్లయిన మూడేళ్లకే మామ పోతే అత్త మా నాన్న దగ్గరికి వచ్చేసింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఆమెతో కూర్చుని ఒక్క మాట మాట్లాడేవాళ్ళూ కాదు. ఆ ఇంట్లో బర్రెలు నాన్నవి, పొయ్యి అమ్మది, నేను ఇద్దరికీ చెందిన అక్కరకు రాని ఆస్తిని. అత్తదంటూ ఉన్నది ఒక నల్ల కుక్క. వాన పడుతుంటే కొట్టంలోకి వచ్చి, వాన వెలిశాక కూడా ఉండిపోయింది, అచ్చం ఆమెలాగే. పొద్దున్నే అత్త పాలబిందె ఎత్తుకుంటే అది ముందు నడిచేది. ఏ గడప ముందు ఆగాలో దానికే బాగా తెలుసు. అత్త రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్లో ముప్పాతిక దానితోనే. "ఏందే, గట్ల సూస్తవ్? మీగడ నీకు కాదు, మా వదినకు" అని కొట్టంలోంచి వినిపించేది.

మెడలో సర్కారు బిళ్ళ లేని కుక్కలను మునిసిపాలిటీ వాళ్ళ బల్దియా బండి పట్టుకుపోతుందని విని, ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని దఫ్తరుకు వెళ్ళింది. రిజిస్టరులో యజమాని పేరున్న చోట అక్కడి గుమాస్తా ఆమె పేరు రాశాడు. "నా పేరేనా? ఏదీ, సూపియ్యి" అని ఆ ఉర్దూ గీతల్ని వేలితో తడిమింది. అంతకుముందు ఏ కాగితం మీదా లేని పేరు సర్కారు పుస్తకంలో ఆ ఒక్కచోటికి ఎక్కింది. ఇత్తడి బిళ్ళను తోలు పట్టీకి కుట్టి దాని మెడకు కట్టింది.

దీపావళి మర్నాడు మా ఇళ్ళలో బర్రెల పండుగ. పొద్దున్నే పాత పలుపులు విప్పేసి, బర్రెలను కడిగి, కొమ్ములకు నూనె రాసి, నాన్న పూజ చేశాకే కొత్త పలుపులు కట్టాలి. అంతదాకా ఇంటి పశువు మెడలో ఏదీ ఉండకూడదు. మా వాళ్ళెవరూ కుక్కను ఆ వరసలో చేర్చలేదు. అత్త చేర్చింది. పట్టీ విప్పి కొంగున ముడి వేసుకుంది. కుక్క గల్లీలోకి పరుగు తీసింది. అప్పుడే ఒక నవాబుగారి మోటారు మలుపు తిరిగింది.

డ్రైవరు పారిపోలేదు. నడివయసు దాటిన మనిషి. తన యూనిఫారం కోటులోనే దాన్ని చుట్టి, "ఎవరిదమ్మా ఇది? ఎవరిది?" అంటూ గడపగడపా అడుక్కుంటూ వచ్చాడు. మా గడప చేరేసరికి దాని ప్రాణం పోయింది. దానికి దవా దొరకలేదు గానీ నాకు దావా దొరికింది. కొత్తగా ఒక వకీలుగారి దగ్గర చేరి ఉన్నాను. చట్టాన్ని మోసే పని, అంటే ఆయన పుస్తకాలు మోయడం. "ఊకుంటే ఎట్లత్తా, పోలీసు చౌకీకి పోదాం" అన్నాను. అత్త ఏడవలేదు. "నాదని రాస్తరా?" అని మాత్రం అడిగింది.

చౌకీకి పెద్ద అయిన అమీన్ సాబు పండుగ మిఠాయి తింటున్నాడు. నౌకరు తప్పుకు యజమానే జవాబుదారీ అని నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"అచ్ఛా? మరి నవాబ్ సాబ్‌కు సమన్ నువ్వు తీస్కపోతవా, వకీల్ సాబ్?" అన్నాడు. నా చట్టం అక్కడితో ఖతం.

ఆయన అత్త వైపు తిరిగాడు. "సూడమ్మా, బిళ్ళ ఉంటే నీ సొత్తు. సూపియ్యి, వీని లైసెన్స్ జప్త్ చేస్త. లేదంటే లావారిస్ కుక్క, ఎవరిదీ కాదు. కేసే లేదు."

డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కసూర్ నాదే అమ్మా. మలుపుల హారన్ కొట్టలె. బిళ్ళ ఉంటే సూపియ్యుండ్రి."

"లైసెన్స్ పోతే మరి నీ నౌకరీ?" అంది అత్త.

"పోతది. కోటు ఖరాబైనప్పుడే సగం పోయింది" అని నవ్వబోయాడు.

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఇల్లే లేదమ్మా. నవాబ్ సాబ్ మోటర్ షెడ్డుల పండుకుంట."

అత్త చేయి కొంగు ముడి మీదికి పోయింది. తియ్యి, తియ్యి అన్నట్టు నేను కళ్ళెగరేస్తున్నాను.

"బిళ్ళ లేదు సాబ్."

"అంటే లావారిసేనా?"

"గదే రాస్కోండ్రి."

బయటికి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. "అబద్ధమెందుకు ఆడినవ్?" అంటే, "అబద్ధమేంది బిడ్డా? మెడల లేకుండె కద" అంది. ఇంట్లో డప్పులు మోగుతున్నాయి. పండుగ పూట కన్నీళ్లు పెట్టొద్దని అమ్మ ముందే హెచ్చరిస్తే, "ఎవరికోసం పెడత వదినా?" అని కొట్టంలోకి వెళ్ళింది. ఎవరిదీ కాదని తనే రాయించి వచ్చిన కుక్క కోసం పైకి ఏడ్చే వీలు కూడా ఆమెకు లేకుండా పోయింది. బర్రెలన్నిటికీ కొత్త పలుపులు కట్టింది. సాయంత్రం పాలు పిండింది. మర్నాడు బిందెతో వెళ్ళి, పాలు పోయాల్సిన రెండిళ్ళు దాటిపోయి, గల్లీ చివరిదాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చింది.

నేను చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు, నా మొదటి కేసు పాడుచేసిందని. నేను మాట్లాడకపోవడం ఆమె గమనించినట్టు కూడా లేదు. ఆ ఇంట్లో అది కొత్త సంగతేం కాదు. చౌకీ నుంచి ఇంటిదాకా ఆ రోజు నేను ఆమె పక్కనే నడిచాను. ఆ దారంతా ఆమె ఒక్కతే నడిచిందని తెలుసుకోవడానికి, అప్పటి ఆమె వయసు దాటి కూడా నాకు ఇన్నేళ్లు పట్టింది.