ముల్లు పడితే బండి ఆపాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది నా భార్య ప్రాణాల మీదికి తెచ్చింది.

కంగ్టి దగ్గర కంది చేనులో ఆమెను పాము కరిచింది. మిట్టమధ్యాహ్నం. కాలు కదలకుండా కట్టె పెట్టి కట్టి, మా డీజిల్ పికప్‌లో నా పక్కన పడుకోబెట్టి, నారాయణఖేడ్ దవాఖానకు బయల్దేరాను.

అంతకు ముందు ఏడాది ట్యాంకు నుంచి డీజిల్ తోడే చిన్న పంపు చెప్పాపెట్టకుండా చచ్చి, ఇంజన్ దగ్గరి పెద్ద పంపును కూడా నాశనం చేసింది. మళ్లీ అట్లా కాకూడదని నారాయణఖేడ్‌లోని మా మెకానిక్ బానెట్ చివర, అద్దం ముందు, డీజిల్ ప్రెషర్ చూపే మీటర్ బిగించాడు. "ముల్లు పడ్డదంటే బండి ఆపు. ఇంకేం సోంచాయించకు" అన్నాడు. ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది.

సగం దూరం పోయామో లేదో, ముల్లు కిందికి జారడం మొదలైంది. చూస్తుండగానే సున్నా దగ్గరికి వచ్చింది. బండి ఆపేశాను.

"గుంజుతనే ఉన్నది గదా, ఎందుకాపినవ్?" అంది నా భార్య. మాట ముద్దగా వస్తోంది.

"నీకేం ఎరుక? నోర్మూస్కొని పండు."

పాము కరిచిన మనిషితో అన్నాను ఆ మాట.

బానెట్ ఎత్తాను. ఫిల్టర్ మీది చేతిపంపు నొక్కితే రాయిలా గట్టిగా ఉంది. గాలి తీసే స్క్రూ వదులు చేస్తే డీజిల్ బుడగ లేకుండా ఎగజిమ్మింది. అన్నీ బాగానే ఉన్నాయి, ముల్లు మాత్రం లేవదు. నా చేతులను నమ్మాలా, ముల్లును నమ్మాలా తెలియలేదు. మళ్లీ నడిపాను. ముల్లు అక్కడే ఉంది. పెద్ద పంపు పోతే దారి మధ్యలోనే ఆగిపోతామన్న భయంతో మళ్లీ ఆపాను. ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"చేతిపంపు గట్టిగున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"గాలి గిట్ల వస్తుందా?"

"లేదు."

"బండి గుంజుతుందా?"

ఆమె మొదట్లోనే చెప్పిన మాట అది.

"గుంజుతుంది."

"మరి గా ముల్లును ఏం జూస్తవ్? మీటరే ఖరాబైంది. జల్దీ పో."

తువ్వాలతో మీటర్‌ను మూసి కట్టేసి, ఖేడ్ దాకా తొక్కిన కాలు తీయలేదు. దవాఖాన గడపలోనే ఆమెకు ఊపిరి అందక, గొంతులో గొట్టం వేశారు. కొంచెం ముందు తేవాల్సిందని డాక్టర్ తిట్టింది. మూడు రోజులకు గొట్టం తీశారు. ఆ మూడు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు.

ఆమె ఇంటికి వచ్చాక మెకానిక్ ఇంజన్ వేడెక్కేదాకా నడిపి బండి చూశాడు. మీటర్ నెత్తిన ఉండే చిన్న రబ్బరు మూత మీద పసుపు, కుంకుమ ముద్ద ఎండి పెచ్చు కట్టింది. ఆ మూతకున్న సన్నటి రంధ్రంలోంచే మీటర్ లోపల వేడెక్కిన గాలి బయటికి పోవాలి. దారి లేక, వేడికి ఆ గాలి ఉబ్బి ముల్లును తొక్కేసింది. పిన్నుతో పొడవగానే సుయ్‌మంది. ముల్లు లేచి తన చోటికి వచ్చింది.

దసరాకు బండికి బొట్లు పెట్టింది నా భార్యే. మన బండి దీని మీదే నడుస్తదని నేనే చెప్పడంతో, అన్నిటికంటే పెద్ద బొట్టు మీటర్‌కు పెట్టింది. పండగ తర్వాత అంత దూరం పోలేదు కనుక తెలియలేదు.

ఈ విషయం ఆమెకు ఏడాది దాకా చెప్పలేదు. మొన్న దసరాకు పసుపు గిన్నెతో మీటర్ దగ్గరికి వస్తే చెయ్యి పట్టుకుని ఆపాను, అంతా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నా బొట్టుతోనే ఆగిందా అప్పుడు బండి?"

"బండి యాడ ఆగింది? గుంజుతుందని నువ్వు చెప్తనే ఉన్నవ్. ఆపింది నేను."

ఆమె గిన్నెలో వేలు ముంచి, ఆ బొట్టు నా నుదుటికి పెట్టింది.