నా ఎత్తుకు వంగిన అధికారులు

ఇన్నేళ్ళుగా నన్ను ఎవరూ అడగలేదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళను మా ఊళ్ళో వేదికల మీదికి పిలుస్తారు, అక్కడ ఎండలెలా ఉంటాయని అడుగుతారు, శాలువా కప్పుతారు. ఖతార్ సైన్యంలో ఒక జట్టు కుర్రాళ్ళ భుజాల మీద అధికారుల నక్షత్రాలు అందరికంటే ముందు పెట్టినవాణ్ణి నేను. నాకు శాలువా అక్కర్లేదు. ఒక ప్రశ్నకు జవాబు కావాలి.

చమురు ధర పెరిగిన కాలం. దోహా శివార్లలో ఒక సైనిక శిక్షణ బడికి నేను స్టోర్ కీపర్ని. తెనాలిలో బీకాం చదివి వెళ్ళాను. ఆ రోజుల్లో అక్కడికి అన్నీ ఓడల్లో వచ్చేవి. లారీలు వచ్చాయి, డేరాలు వచ్చాయి, వాయించేవాళ్ళు రాకముందే బ్యాండు బాకాలు వచ్చాయి. ఓడలో రానివాళ్ళు అధికారులే. వాళ్ళను అక్కడే తయారు చేసుకోవాలి, అదీ త్వరగా. అందుకు ఇంగ్లండు నుంచి ఒక డ్రిల్ మాస్టర్ని తెచ్చుకున్నారు. నేను అక్కడ ఉన్నంతకాలం ఆయన నన్ను పేరుతో పిలవలేదు. ‘స్టోర్స్’ అనేవాడు.

శిక్షణ ముగిశాక ఒక పెద్దాయన వచ్చి ఒక్కొక్కరి భుజాన నక్షత్రం పెడతాడు. అప్పుడే కుర్రాడు అధికారి అవుతాడు. దానికి ముందు రోజూ రిహార్సల్. నక్షత్రాలు నా స్టోర్లో ఉండేవి. సంతకం లేకుండా ఇవ్వనన్నాను. సంతకం పెట్టే తీరిక మాస్టరుకు లేదు. చివరికి నేనే వాటిని పళ్ళెంలో పెట్టుకుని మైదానానికి వెళ్ళాను. ఎలాగూ వచ్చావు కదా, ఆ పెద్దాయన స్థానంలో నువ్వే నిలబడు అన్నాడు మాస్టరు.

నేను పొట్టివాణ్ణి. ఆ కుర్రాళ్ళు పొడుగు. భుజం అందదు. అందుకని నిలబడటానికి ఒక చెక్కపెట్టె కావాలని అడిగాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వరసలో ఉన్న కుర్రాళ్ళందరి ముందూ, అందరికీ వినపడేలా అడిగాను. వచ్చే పెద్దమనిషి పెట్టె ఎక్కడు, టైము పాడుచేయకు అన్నాడు మాస్టరు.

అప్పుడు వరసలో మొదట ఉన్న పొడుగు కుర్రాడు నామీద జాలిపడ్డాడు. మోకాళ్ళు కాస్త వంచి, తల దించి, ఎడమ భుజం నా చేతికందేలా ఇచ్చాడు. పని చటుక్కున అయిపోయింది. మాస్టరు వాచీ చూసుకుని, అందరూ ఇలాగే చెయ్యండని చెప్పాడు. మిగతావాళ్ళూ అలాగే చేశారు. అన్ని రిహార్సళ్ళలోనూ చేశారు. మంచి సైనికులు, చెప్పింది మర్చిపోరు.

అసలు రోజున నాకు పిలుపు లేదు. గేటు దగ్గర ఆపేశారు. వంటశాల వెనక కంచె పట్టుకుని చూశాను. పక్కన మా వంటాయన, నిజామాబాదు జిల్లావాడు. పెద్దాయన కారు దిగాడు. పొడుగు కుర్రాడికంటే పొడుగు.

బ్యాండు మోగింది. పొడుగు కుర్రాడు వెళ్ళి సెల్యూట్ చేసి, మోకాళ్ళు వంచి, తల దించి, భుజం ఇచ్చాడు. పెద్దాయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. భుజం వెతుక్కుంటూ ఆయనా వంగాల్సి వచ్చింది. రెండోవాడూ అంతే. మూడోవాడి దగ్గరకు వచ్చేసరికి ఇదేదో కొత్త సైనిక మర్యాద అనుకున్నాడేమో, ఆయనే ముందు వంగాడు. ఇద్దరి తలలూ తగిలినంత పనైంది.

“సారూ, గాళ్ళు నీకు మొక్కినట్టే గాయినకు మొక్కుతున్నరు,” అన్నాడు వంటాయన. “నేను ఇంటికి జాబు రాస్త, దుబాయ్ల మా సారుకు అప్సర్లు మొక్కిన్రని.”

వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే. నాకు నవ్వు రాలేదు. అక్కడివాళ్ళు దేవుడి ముందు తప్ప మనిషి ముందు వంగరు. సాయంత్రానికల్లా మాట పుట్టింది: ఆ హిందూ గుమాస్తా మన అధికారులకు నమస్కారాలు నేర్పాడని. నేను మా దేవుడి ముందే సరిగ్గా వంగినవాణ్ణి కాదు.

విచారణ జరిగింది. అందదని తెలిసినప్పుడు నిలబడటానికి ఏదైనా అడగొచ్చు కదా అన్నారు నన్ను. అడిగానన్నాను. మాస్టరు వైపు చూశారు. ఆయన కిటికీలోంచి మైదానం చూస్తూ, గుర్తులేదన్నాడు. వరసలో విన్న కుర్రాళ్ళను ఎవరూ పిలిచి అడగలేదు. అంతే. నన్ను బడి నుంచి తీసేసి, దుఖాన్ రోడ్డులో లారీ టైర్ల గోదాముకు వేశారు. ఆ కుర్రాళ్ళు రోజూ నాకు సెల్యూట్ కొట్టేవాళ్ళు. టైర్లు కొట్టవు.

“ఊకో సారూ,” అన్నాడు వంటాయన, నా పెట్టె బండెక్కిస్తూ. “నువ్వు జానెడు పొడుగుంటే గింత లొల్లి కాకపోవు.”

ఆ బడికి ఎన్ని అర్జీలు పెట్టానో లెక్కలేదు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో దర్జీ దుకాణం దగ్గర ఆ పొడుగు కుర్రాడే ఎదురయ్యాడు. భుజాన నక్షత్రాలు పెరిగాయి, పొట్టా పెరిగింది. నన్ను చూడగానే అతని మోకాళ్ళు కాస్త వంగాయి, ఎడమ భుజం కిందికి దిగింది. తనకు తెలియకుండానే. వెంటనే సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

“పెట్టె అడిగానా, లేదా?” అన్నాను.

“మాలిష్, సదీక్,” అన్నాడు. పోనీలే మిత్రమా అని. నా భుజం తట్టడానికి బాగా వంగాల్సి వచ్చింది. తట్టి కారెక్కాడు.

పోనివ్వను. ఇది తెలుగులో రాస్తే వాళ్ళెలా చదువుతారని మా అబ్బాయి నవ్వాడు. దోహాలోనూ అల్ ఖోర్‌లోనూ బోలెడంతమంది తెలుగువాళ్ళున్నారు, ఎవరైనా చదివి వినిపించవచ్చు. ఆ వరసలో నిలబడ్డ ఆఫీసర్లంతా ఇప్పుడు రిటైరై తీరిగ్గానే ఉండి ఉంటారు. నేను వాళ్ళకు వంగడం నేర్పలేదు, పెట్టె అడిగాను. అడిగానా, లేదా? వాళ్ళలో ఒక్కరైనా నాకు జవాబు చెప్పాలి.